బేసింగ్‌స్టోక్‌లో దిగండి

యూనివర్సిటీ లైబ్రరీల్లో మాక్మిలన్ వాళ్ల పుస్తకాలు తిరగేసినవాళ్లకి ఈ ఊరి పేరు తెలియకుండా ఉండదు. అట్ట తీసి రెండో పేజీకి వెళ్తే అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది: హౌండ్‌మిల్స్, బేసింగ్‌స్టోక్, హాంప్‌షైర్. ఎకనామిక్స్ పాఠ్యపుస్తకమైనా, షేక్స్‌పియర్ మీద విమర్శైనా అదే చిరునామా. ఇంత చదువు బయల్దేరే ఊరు ఎలా ఉంటుందో చూడాలని అప్పటినుంచీ ఉండేది. తీరా వెళ్తే, హౌండ్‌మిల్స్ అంటే రైలుకట్టకి అవతలి పక్క ఉన్న ఇండస్ట్రియల్ ఎస్టేటు. రేకుల షెడ్లు, గోదాములు, బారులు తీరిన లారీలు. 1960ల్లో లండన్ కంపెనీలు ఒక్కొక్కటే ఇటు కదిలినప్పుడు మాక్మిలన్ కూడా తన పుస్తకాల గోదాముని ఇక్కడికి తెచ్చుకుంది. ఆ లారీల్లోంచే ప్రపంచమంతా పుస్తకాలు వెళ్లాయి.

ఇంగ్లీషువాళ్లు వెక్కిరించడానికని కొన్ని ఊళ్లని పక్కన పెట్టుకున్నారు. వాటిలో బేసింగ్‌స్టోక్‌ది ముందువరస. ఇది ఈనాటి ముచ్చట కూడా కాదు. 1887లో ఆడిన గిల్బర్ట్, సల్లివాన్‌ల సంగీత నాటకం ‘రడిగోర్’లో మతి చలించిన ఒకామె ఉంటుంది. ఆమె రెచ్చిపోబోతుంటే భర్త ఈ ఊరి పేరు పలుకుతాడు, వెంటనే ఆమె చల్లబడుతుంది. ఆ పేరు వింటేనే అంత నిద్రొస్తుందని వాళ్ల చమత్కారం. తర్వాతి కాలంలో రోడ్ల మీద రౌండబౌట్లు మరీ ఎక్కువయ్యాయని ‘డోనట్ సిటీ’ అన్నారు. కాంక్రీటు కట్టడాలు చూసి స్టాలిన్‌గ్రాడ్ ఫక్కీలో ‘బేసింగ్‌గ్రాడ్’ అన్నారు.

నేను దిగింది మా పిన్ని కూతురింట్లో. తనది స్టేషన్ పక్కనే బేసింగ్ వ్యూ అనే ఆఫీసుల పేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

“ఇక్కడ చూడ్డానికేముందక్కా? స్టోన్‌హెంజ్‌కి టికెట్లు బుక్ చేస్తానుండు” అంది.

“స్టోన్‌హెంజ్ నాలుగైదు వేల ఏళ్లుగా అక్కడే ఉంది, ఎక్కడికీ పోదులేవే. ముందు మీ ఊరు చూస్తాను” అన్నాను.

తనకి సెలవు దొరకలేదు. ఒకందుకు మంచిదే అయింది. ఇష్టమొచ్చినచోట ఆగుతూ ఒక్కదాన్నే తిరిగాను.

స్టేషన్ నుంచి ఊళ్లోకి వెళ్లాలంటే మామూలుగా ఒక్కటే దారి, షాపింగ్ సెంటర్ కడుపులోంచి. 2002లో దీన్ని పెంచి, సింగారించి, ఫెస్టివల్ ప్లేస్ అని పేరు పెట్టారు. అన్నిచోట్లా ఉండే దుకాణాలే ఇక్కడా ఉన్నాయి, వాటి గురించి చెప్పేదేం లేదు. కానీ అవతలి తలుపులోంచి బయటపడగానే కాళ్లకింద నేల ఎత్తుగా లేస్తుంది. అది వోట్ స్ట్రీట్. ఆ ఎత్తు ఎక్కుతుంటే మధ్యలో తల్లీబిడ్డలని చెప్పే రాతి శిల్పం ఒకటి కనిపిస్తుంది. దాని ఆకారాన్ని బట్టి ఊరివాళ్లు దానికో పేరు పెట్టారు, అది ఇక్కడ రాయలేను. ఇంకాస్త పైకి వెళ్తే మార్కెట్ ప్లేస్. ఊరి అసలు గుండెకాయ ఇదే. అందరూ ‘టాప్ ఆఫ్ ది టౌన్’ అంటారు.

నేను వెళ్లింది బుధవారం, సంత రోజు. 1086లో విలియం రాజు వేయించిన డూమ్స్‌డే లెక్కల్లోనే ఈ ఊరి సంత ఉంది. రాజుగారి సొంత గ్రామం, సంత మీద వచ్చే రాబడి 30 షిల్లింగులు అని రాసుకున్నారు. 1214లో జాన్ రాజు సంతని బుధవారానికి మార్చాడు. ఆ మరుసటి ఏడాదే ఆయన చేత మాగ్నా కార్టా మీద ముద్ర వేయించారు. ఆ పత్రంలో ఏ షరతు ఎన్నాళ్లు నిలిచిందో చరిత్రకారులు వాదించుకోవచ్చు గానీ, బుధవారం సంత మాత్రం 800 ఏళ్లు దాటినా నిలిచింది.

ఇప్పటి సంత పెద్దదేం కాదు. కొన్ని గుడారాలు, గుడ్లు, కూరగాయలు, ఫోన్ కవర్లు, దుప్పట్లు. ఒక నేపాలీ పెద్దావిడ కొత్తిమీర కట్టని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పెదవి విరిచి, మళ్లీ గంపలో పెట్టేసింది. కొట్టువాడు ఏమీ అనకుండా అడుగునుంచి ఇంకో కట్ట తీసిచ్చాడు. ఆవిడ దాన్నీ వాసన చూసింది, ఈసారి డబ్బులిచ్చింది. చుట్టుపక్కల గూర్ఖా సైనికుల కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. ఈ కొత్తిమీర బేరమంతా ఒక్క మాట లేకుండా జరిగింది.

ఈ గుట్ట మీద సంత పుట్టడానికి కారణం రోడ్లు. లండన్ నుంచి వించెస్టర్‌కి ఒకటి, సాలిస్‌బరీ మీదుగా పడమటి సీమకి ఒకటి, రెండూ ఇక్కడ విడిపోతాయి. చుట్టూ సున్నపురాయి దిబ్బలు, వాటి మీద గొర్రెలు. కాబట్టి మొదట ఉన్ని, ఉన్నిబట్ట. ఆ నేత పడిపోయాక బార్లీ, బీరు. రోడ్డు మీద గుర్రపు బళ్ల రద్దీ పెరిగాక సత్రాలు. 1794కల్లా కాలువ తవ్వి లండన్‌కి పడవలు నడిపారు. 1839లో రైలొచ్చింది. రైలు వచ్చాక గుర్రపు బళ్లూ పోయాయి, పడవలూ పోయాయి. కాలువ చివరి మజిలీ ఉన్నచోట ఇప్పుడు బస్సులు ఆగుతున్నాయి. ప్రతి తరంలోనూ ఈ ఊరు పాత బేరం వదిలి కొత్త బేరం పట్టింది. దీన్ని గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

మార్కెట్ ప్లేస్‌లో పాత టౌన్‌హాల్ ఇప్పుడు విల్లిస్ మ్యూజియం. గడియారాలు బాగుచేసే జార్జ్ విల్లిస్ అనే ఆయన పోగుచేసిన వస్తువులతో మొదలైంది. దాని ముందు జేన్ ఆస్టెన్ నిలువెత్తు కంచు విగ్రహం, చేతిలో పుస్తకంతో నడిచిపోతున్నట్టు. ఆమె చనిపోయి 200 ఏళ్లయిన సందర్భంగా 2017లో పెట్టారు. విగ్రహాల మీద నాకు పెద్ద మోజు లేదు గానీ, దీని వెనక ఒక న్యాయం ఉంది. ఆమె పుట్టిన స్టీవెంటన్ ఇక్కడికి దగ్గర్లోని పల్లె. నాట్యాలకీ, దుకాణాలకీ, డాక్టరుకీ ఆ ఇంటివాళ్లు ఈ ఊరే వచ్చేవాళ్లు. 1794 డిసెంబర్లో ఆమె తండ్రి ఇక్కడి రింగ్ అనే ఫర్నిచర్ వ్యాపారి దగ్గర 12 షిల్లింగులు పెట్టి ఒక చిన్న మహాగని రాతపెట్టె కొన్నాడు. ఒక పొడవాటి సొరుగు, సిరాబుడ్డి పెట్టుకునే చోటు. 19 ఏళ్లు నిండబోతున్న కూతురి కోసమేనని అంటారు. ఆ పెట్టె ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ సొత్తు. ఇంగ్లీషు నవలకి ఈ ఊరు చేసిన సాయం అది చాలు. వెక్కిరించేవాళ్లు దీన్ని ఎక్కడా ప్రస్తావించరు.

స్టేషన్‌కి ఉత్తరం వైపు, పట్టాలకి పక్కనే, చెట్ల మధ్య హోలీ ఘోస్ట్ చాపెల్ శిథిలాలున్నాయి. విరిగిన గోడలు, చుట్టూ పాత శ్మశానం. 1674లో అచ్చయిన ఒక కరపత్రం ఈ శ్మశానం కథ చెబుతుంది. బార్లీ వ్యాపారి బ్లండెన్ భార్య ఒకరోజు గసగసాల కషాయం మోతాదు మించి తాగి పడిపోయింది. భర్త ఊళ్లో లేడు. చనిపోయిందనుకుని పాతిపెట్టారు. అక్కడ ఆడుకుంటున్న బడిపిల్లలకి నేలలోంచి మూలుగు వినిపించింది. పంతులు నమ్మలేదు. మర్నాడు మళ్లీ వినిపిస్తే తవ్వించారు. ఒంటినిండా గాయాలున్నాయి గానీ ప్రాణం ఆనవాలు దొరకలేదు. ఎందుకైనా మంచిదని రాత్రికి గోతిలోనే ఉంచి కాపలా పెట్టారు. వాన పడేసరికి కాపలావాళ్లు వెళ్లిపోయారు. తెల్లారి చూస్తే ఆమె మళ్లీ స్పృహలోకి వచ్చి కొట్టుకున్న గుర్తులున్నాయి, ఈసారి మాత్రం నిజంగానే పోయింది. కరపత్రాలవాళ్లు కొంత కారం చల్లి ఉంటారు. కానీ ఊరు మొత్తం తలా ఒక చెయ్యి వేసి ఒక మనిషిని నిర్లక్ష్యంతో చంపడం అనేది మాత్రం ఎక్కడైనా నమ్మదగ్గ కథే.

ఆ శ్మశానం గేటు దగ్గరి కాపలా ఇంట్లోనే 1914లో జాన్ ఆర్లట్ పుట్టాడు. రేడియో చెవికి ఆనించుకుని బీబీసీ టెస్ట్ మ్యాచ్‌లు విన్న తరానికి ఆ హాంప్‌షైర్ యాస గుర్తుండాలి. ఆయన క్రికెట్ కామెంటరీ మొదలుపెట్టిందే 1946లో, ఇంగ్లండ్ వచ్చిన భారత జట్టుతో. పటౌడీ నవాబు కెప్టెన్‌గా వచ్చిన ఆ జట్టులో సి.కె. నాయుడి తమ్ముడు సి.ఎస్. నాయుడు ఉన్నాడు, నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్లది. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల జట్టులో చోటు లేని బేసిల్ డాలివేరాకి 1960లో ఇంగ్లండ్‌లో లీగ్ క్రికెట్ దారి చూపించిందీ ఆర్లటే. 1970లో దక్షిణాఫ్రికా జట్టు వస్తే కామెంటరీ చెప్పనని మొహం మీదే అన్నాడు. ఇంత మనిషిని కన్న ఊరు నిద్రమొహం ఊరెలా అవుతుందో నాకు అర్థం కాలేదు.

నిద్రమొహం అసలు కానేకాదు. 1880లో సాల్వేషన్ ఆర్మీవాళ్లు బ్యాండు వాయించుకుంటూ వచ్చి తాగుడు మానమన్నప్పుడు, బీరు మీద బతికే ఈ ఊరు తిరగబడింది. రాళ్లు, కొట్లాటలు. 1881లో మార్కెట్ ప్లేస్‌లో అల్లర్ల చట్టం చదివి వినిపించి, సైనికుల చేత గుంపుని చెదరగొట్టించాల్సి వచ్చింది. అదే రోజుల్లో, అదే ఊళ్లో, మందు ముట్టని బాప్టిస్టు భక్తుడు ఒకడు బట్టల కొట్టు నడిపేవాడు. పేరు థామస్ బర్బెరీ. 1856లో, 21 ఏళ్ల వయసులో, వించెస్టర్ స్ట్రీట్‌లో కొట్టు తెరిచాడు. వానలో గొర్రెలు కాసేవాళ్ల బిగుతు నేత చొక్కాలు తడవకపోవడం గమనించి, నేయకముందే నూలుకి నీళ్లంటని పూత పట్టించి గాబర్డీన్ తయారుచేశాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. షాకిల్టన్ అంటార్కిటికాకి వేసుకెళ్లింది ఆ బట్టే, మొదటి ప్రపంచయుద్ధంలో అధికారుల కందకాల కోటు ఆ బట్టే. హైదరాబాద్ మాల్‌లో ఆ కంపెనీ గళ్ల స్కార్ఫు ధర చూసి వెనక్కి పెట్టేసిన వాళ్లకి దాని పుట్టిల్లు ఒక సంత ఊరని చెప్పాలనిపించింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక లండన్‌లో బాంబులకి కూలిన ఇళ్లు పోను, మిగిలిన మురికివాడల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. ఎక్కడో ఒకచోట కొత్త ఊరు కట్టాలి. లండన్ కౌంటీ కౌన్సిల్ కన్ను ఇక్కడికి కాస్త తూర్పున ఉన్న హుక్ అనే పల్లె మీద పడింది. పూర్తి ప్లాను గీసుకుంది కూడా. హాంప్‌షైర్ పొలాల యజమానులూ, కౌంటీ పెద్దలూ ససేమిరా అన్నారు. చివరికి రాజీ ఏమిటంటే, హుక్‌ని వదిలేయండి, బదులుగా బేసింగ్‌స్టోక్‌నీ ఆండోవర్‌నీ పెంచుకోండి అని. 1961లో ఒప్పందం కుదిరింది. అప్పటికి ఈ ఊరి జనాభా సుమారు 26 వేలు. ఇప్పుడు లక్ష దాటింది.

పెంచడమంటే చుట్టూ పేటలు కట్టి ఊరుకోలేదు. 1960ల రెండో సగంలో ఊరి దిగువ సగాన్ని బుల్డోజర్లతో చదును చేశారు. బీరు బట్టీలు, చర్చిలు, పబ్బులు, కొట్లు, వాటి పైన కాపురాలు, వీధులకి వీధులే పోయాయి. వాటి స్థానంలో మేడ మీద మేడగా షాపింగ్ సెంటరు, దాని పక్కన పొడవాటి కాంక్రీటు గోడ. ఆ గోడని ఊరివాళ్లు ‘గ్రేట్ వాల్’ అన్నారు. ఊరి చుట్టూ రింగు రోడ్డు, దాని మీద రౌండబౌట్లు. చుట్టూ పొలాల్లో లేచిన పేటల్లో వీధులకి ఏ పేర్లు పెట్టాలో తోచలేదు కాబోలు, ఒక పేటకి ఒక లెక్క అనుకున్నారు. బ్రైటన్ హిల్‌లో మోజార్ట్ క్లోజ్, షూబర్ట్ రోడ్డు, షోపాన్ రోడ్డు ఉన్నాయి. మా పిన్ని కూతురు ఉండేదీ ఆ చుట్టుపక్కలే. “సంగీతం కాదు గానీ బస్సు హారన్లు వినిపిస్తాయక్కా” అంది.

మర్నాడు మైల్‌స్టోన్స్ అనే మ్యూజియంకి వెళ్లాను. విమానాల షెడ్డంత రేకు కప్పు కింద, రాళ్లు పరిచిన పాతకాలపు వీధి, నిజమంత కొలతల్లో. మిఠాయి కొట్టు, ఇనుప సామాన్ల కొట్టు, పబ్బు, ఆవిరి ఇంజన్లు. ఇక్కడే తయారైన థార్నిక్రాఫ్ట్ లారీలు మెరిసేలా తుడిచి పెట్టారు. పాత పెన్నీలు కొనుక్కుని పాత ఆటమెషీన్లలో వేసుకోవచ్చు. పిల్లలకి సరదా, నాకూ సరదాగానే ఉంది. కానీ నిజమైన వీధుల్ని 1960ల్లో పడగొట్టి, 2000లో టికెట్ పెట్టి నకలు వీధి కట్టిన ఊళ్లో ఉన్నానన్న సంగతి ఒక్క క్షణం కూడా మర్చిపోలేకపోయాను. థార్నిక్రాఫ్ట్ లారీ ఫ్యాక్టరీ 1898 నుంచి 70 ఏళ్లకి పైగా ఈ ఊరికి అన్నం పెట్టింది. ఆ స్థలంలో ఇప్పుడు సూపర్ మార్కెట్ ఉంది, పక్కనున్న రౌండబౌట్‌కి మాత్రం దాని పేరు మిగిలింది.

ఇలాంటివి చూసినప్పుడు అయ్యో అనడం సులువు. నేనూ అనేదాన్నే, ఆ మ్యూజియం బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలావిడతో మాట కలవకపోతే. ఆవిడ చిన్నపిల్లగా తూర్పు లండన్ నుంచి వచ్చింది. అక్కడ రెండు గదుల్లో ఆరుగురు, మరుగుదొడ్డి కింద పెరట్లో, మూడు కాపురాలకి ఒకటి. ఇక్కడ దిగిన రోజు వాళ్లమ్మ స్నానాల గదిలో వేడినీళ్ల కొళాయి తిప్పడం, కట్టడం, మళ్లీ తిప్పడం చేసిందట. “పాత ఊరు అందంగా ఉండేదంటారు. మేం చూళ్లేదు కదా. మాకు ఇదే మొదటి ఇల్లు” అంది. ఆవిడ మాటలో కోపం లేదు, సంజాయిషీ లేదు.

నా తీర్పు ఏమిటంటే, దిగువ ఊరిని పడగొట్టడం తప్పే. అన్ని వీధులూ పడగొట్టక్కర్లేకుండానే ఇళ్లు కట్టొచ్చు, కట్టింది కూడా ఎక్కువభాగం పొలాల్లోనే. అయినా ఇళ్లు కట్టడం తప్పు కాదు. హుక్ పొలాల యజమానులు తమ కంటి ముందరి దృశ్యం చెడకుండా చేతులు దులుపుకుంటే, ఆ బరువు తల మీదికెత్తుకున్నది ఈ సంత ఊరు. దాన్ని చూసి నవ్వేవాళ్లలో చాలామంది ఇలాంటి బరువెప్పుడూ మొయ్యని ఊళ్లవాళ్లే.

కొత్త ఊరు కట్టినదంతా అనాకారి కూడా కాదు. 1976లో కాగితం కంపెనీ కోసం ఆరప్ అసోసియేట్స్ కట్టిన గేట్‌వే హౌస్ మెట్లుమెట్లుగా దిగుతుంది, ప్రతి మెట్టు మీదా తోట. ‘బేసింగ్‌స్టోక్ వేలాడే తోటలు’ అని దానికి పేరు. 2015లో రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. 1994లో తెరిచిన ఆన్విల్ కచేరీ హాల్లో ధ్వని మంచిదని సంగీతం తెలిసినవాళ్లు చెబుతారు. ఊరి దక్షిణాన డి లా రూ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉంది. ప్రపంచంలో ఎన్నో దేశాల నోట్లు అచ్చువేసే సంస్థ ఇది. 1855 నుంచి నాసిక్ ప్రెస్ వచ్చేదాకా మన దేశపు తపాలా బిళ్లలు లండన్‌లో అచ్చువేసిందీ వీళ్లే. పాత ట్రంకుపెట్టెల్లో విక్టోరియా రాణి బొమ్మతో అర్ధణా బిళ్ల ఇంకా ఎవరిదగ్గరైనా ఉంటే అది చాలావరకు వాళ్ల పనే అయ్యుంటుంది.

చివరిరోజు పాత కాలువ వెంట సాగే దారిలో ఓల్డ్ బేసింగ్‌కి నడిచాను. ఒకప్పుడు వించెస్టర్ మార్క్విస్‌ల కోట, బేసింగ్ హౌస్, ఉన్నచోటు. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజు పక్షం వహించి రెండేళ్లకి పైగా ముట్టడిని తట్టుకుంది. 1645 అక్టోబర్‌లో పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ స్వయంగా వచ్చి పడగొట్టాడు. లోపల తలదాచుకున్న మహా వాస్తుశిల్పి ఇనిగో జోన్స్‌ని ఒంటి మీది బట్టలు ఊడదీసేస్తే, దుప్పట్లో చుట్టి బయటికి మోసుకొచ్చారట. అప్పటికాయన 72 ఏళ్లవాడు. తర్వాత పార్లమెంటు, ఇటుకలు ఎవరికి కావాలంటే వాళ్లు మోసుకుపోవచ్చని ఆజ్ఞ ఇచ్చింది. ఊరివాళ్లు మోసుకుపోయారు. పల్లెలో నడుస్తుంటే కొన్ని ఇళ్ల గోడల్లో సన్నగా, ముదురు ఎరుపులో ఉన్న ట్యూడర్ ఇటుకలు కనిపిస్తాయి. పెద్ద ధాన్యపు కొట్టం ఒక్కటి మిగిలింది, దాని గోడకి ఫిరంగి దెబ్బలతో సహా. పెద్దవాళ్ల మేడ పగిలి పేదవాళ్ల ఇళ్లవడం ఈ ప్రాంతానికి 1960ల్లో కొత్తగా వచ్చిన ఆచారమేం కాదు.

లండన్ వాటర్లూ నుంచి సాలిస్‌బరీ వెళ్లే రైళ్లు బేసింగ్‌స్టోక్‌లో ఆగుతాయి, ముప్పావుగంట ప్రయాణం. స్టోన్‌హెంజ్‌కి రైల్లో వెళ్లే మనవాళ్లు ఎక్కేది ఆ రైళ్లే. సంత ఉండే బుధవారమో శనివారమో బయల్దేరి, ఒక పూట ఇక్కడ దిగండి. ఉత్తరం వైపు నుంచి బయటికొస్తే హోలీ ఘోస్ట్ శిథిలాలు, దక్షిణం వైపు నుంచి వస్తే షాపింగ్ సెంటర్ దాటాక సంత. కూరగాయలు మధ్యాహ్నం లోపే చూసుకోండి. బేసింగ్ హౌస్ చలికాలంలో మూసేస్తారు, ముందే కనుక్కుని వెళ్లండి.